మల్లేశం బావను తెల్లగ చేసిన లెన్సు

ఒక్క రింగును అర చుట్టు వెనుకకు తిప్పుడు మరిచిపోయినందుకు ధూళిమిట్ట నుంచి మద్దూరు దాక నా ఇజ్జత్ ఎట్ల గంగల కలిసిందో చెప్త, వినున్రి. నవ్వొస్తే నవ్వున్రి, నాకేం ఫరక్ లేదు. అప్పుడైతే నేను నవ్వలే. అప్పుడు మద్దూరుల ఒకరింటి బర్రెల కొట్టం పక్కపొంటి నిలబడి, ఆ గోడ దునికి ఉరికితే బస్టాండు ఎంత దూరముంటదో అని చూస్తున్న.

నాకు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర చిన్న మొబైల్ షాపున్నది. పగిలిన స్క్రీన్లు మార్చుడు, కవర్లు అమ్ముడు. మనిషి ఊకె ఉండడు గదా, నాకు ఫోటోల పిచ్చి పట్టింది. పెండ్లిళ్లకు ఫోటోలు తీసే దోస్తు ఒకడు కొత్త కెమెరా కొనుక్కొని తన పాత డిజిటల్ కెమెరా నాకిచ్చిండు. దానికి లెన్సు లేదు. మెడ ఉండి తలకాయ లేనట్టు ఉండె. మా మేనమామ ఎన్కట దుబాయి నుంచి తెచ్చుకున్న రీలు కెమెరా ఒకటి పెట్టెల ఉన్నదని అమ్మ చెప్పింది. పోయి చూసిన. కెమెరా తుప్పు వట్టి పాడైంది గని దాని లెన్సు మాత్రం పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నది. అంత ఇనుమే. చేతుల పట్టుకుంటే దుకాణంల తూకంరాయి పట్టుకున్నట్టే.

ఇక్కడ మీకొక ముచ్చట చెప్పాలె, లేకుంటే నా తప్పు మీకు అర్థం కాదు, నన్ను సగమే తిడ్తరు.

ఇప్పటి లెన్సులు కెమెరాతోని మాట్లాడుకుంటయి. మనం బటన్ నొక్కితే చాలు, ఎంత వెలుగు కావాల్నో ఆ రెండు కలిసి తేల్చుకుంటయి. ఈ పాత లెన్సుది మౌనవ్రతం. నడుమ ఒక జోడు రింగు పెట్టి బిగిస్తే, తన మూతికి ఎవరో ఏదో తగిలించిన్రన్న సంగతి గూడ కెమెరాకు తెల్వది. అంత మనమే చేతితోని తిప్పుకోవాలె. లెన్సు లోపట ఒక తూము ఉన్నదనుకోన్రి, చెరువుకున్నట్టు. రింగు తిప్పితే తూము తెరుసుకుంటది, మూసుకుంటది. తూము ఎంత తెరిసినం, ఎంతసేపు పారిచ్చినం, ఈ రెండు కుదిరితే ఫోటో పండుతది. ఎక్కువ పారితే మడి మునిగినట్టు ఫోటో తెల్లగైతది. తక్కువ పారితే నల్లగైతది. ఎంత పారుతున్నదో చెప్పనీకి కెమెరాల ఒక ముల్లు ఉంటది. అది నడుమకు వస్తే వెలుగు సరిపోయినట్టు. గని ముల్లు పాపం అమాయకురాలు. ఆ నిమిషానికి తూము ఎంత తెరిసి ఉంటే అంతే కొలుస్తది. నువ్వు తర్వాత తెరుస్తవా మూస్తవా అన్నది దానికేం తెలుసు.

ఇంకొక చిక్కున్నది. తూము సగం మూస్తే చూసేకాడ చీకటి పడ్తది, ముఖం సాఫ్‌గ ఉన్నదో లేదో కండ్లకు ఆనది. అందుకని ముందుగాల తూము పూర తెరిసి ముఖం సరిచేసుకోవాలె, తర్వాత సగం మూసి, ఎంతసేపు పారిచ్చాల్నో ముల్లును చూసి పెట్టుకోవాలె, గప్పుడు నొక్కాలె. వరుస గిదే. వీడియోల ఒక పెద్దమనిషి ఇది మెల్లగ, పసిపిల్లలకు బువ్వ తినిపించినట్టు చెప్పిండు. నేను సగం విని, అర్థమైందిలే అని బంద్ చేసిన.

సరిగ్గ అప్పుడే మా మేనత్త ఫోన్ చేసింది.

మా అత్తమ్మది ధూళిమిట్ట. ఆమె కొడుకు మల్లేశం బావ బోరుమోటర్లు బాగుచేస్తడు. బంగారం లాంటి మనిషి. పొద్దంత బాయిల కాడ, పొలాల కాడ ఎండల పని. మాట తక్కువ. రంగు మంచి నలుపు, నేరేడుపండు లెక్క నిగనిగలాడే నలుపు. బావకు దాంతోని ఏ బాధ లేదు. బాధంత అత్తమ్మదే. ఫోన్‌ల ఫోటో చూసి ఒకటి రెండు సంబంధాలు సప్పుడు చెయ్యకుంట ఊకున్నయట. అది ఆమె మనసుల ముల్లు లెక్క ఉండిపోయింది.

"అల్లుడా, నువ్వేదో పెద్ద కెమెరా పట్టుకొని తిరుగుతున్నవట గదా" అన్నది. "మద్దూరు నుంచి ఒక సంబంధం ఉన్నది. పిల్ల చేర్యాలల రక్తపరీక్షలు చేసేకాడ నౌకరి చేస్తది. మీ బావకు ఒక మంచి ఫోటో తీసిపెట్టు."

నేను పట్నంల పెద్ద డాక్టరు లెక్క పోయిన. మెడల కెమెరా, కెమెరాకు ఆ ఇనుప ముద్ద. అత్తమ్మ బావకు తెల్లంగి తొడిగించి, కొత్తగ సున్నం వేసిన గోడ ముంగట నిలబెట్టింది. పొద్దు మంచిగ కాస్తున్నది. బావ ఒకరి మోటరు సగం విప్పి పెట్టి వచ్చిండట, లేటైతదా అని ఒక్కసారి అడిగి, ఆ తర్వాత కరెంటు స్తంభం లెక్క కదలకుంట నిలబడ్డడు.

ఇగో, ఇక్కడ వరుస తారుమారైంది. ఉషారు మీదున్న గదా, మొట్టమొదలే తూము సగం మూసి ముల్లును నడుమకు తెచ్చిన. అది చేసినంక చూస్తే బావ ముఖం సరిగ్గ ఆనుతలేదు. అందుకని తూము పూర తెరిసిన. అబ్బ, ఏం అందం. బావ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ఆ సంబురంల తూమును మళ్ల మూసుడు మరిచి, నొక్కుడే నొక్కుడు. నిలబెట్టి తీసిన, కూసోబెట్టి తీసిన, చేతులు కట్టించి తీసిన. కొలిచింది సగం తూముతోని, పారిచ్చింది నిండు తూముతోని. బావ మీదికి కావాల్సిన దానికి నాలుగింతల వెలుగు వరద లెక్క పారింది.

వెనుక స్క్రీన్‌ల చూసుకోలేదా అని మీరు అడుగుతరు. చూసుకున్న. గని ఆ కెమెరా బ్యాటరీ ముసలిది. అది ఎక్కువసేపు రావాలని స్క్రీన్ వెలుగును పూర తగ్గించి పెట్టుకున్న. ఆ చీకటి స్క్రీన్‌ల అన్నీ మంచిగనే కనవడ్డయి.

షాపుకొచ్చి కంప్యూటర్‌ల పెట్టి చూస్తే నాకే గుండె ఆగినంత పనైంది. తెల్లంగి, సున్నం గోడ ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి. ఆ తెలుపు నడుమ బావ తలకాయ పున్నమి చంద్రుని లెక్క తేలుతున్నది. ముఖం గోధుమపిండి రంగు. తెలివున్నోడైతే ఇదేదో తప్పుపోయిందని అనుకుంటడు. నాకు అట్ల తోచలే. ఆడరానోడు మద్దెల ఓడన్నడట. నేను తియ్యరానోన్ని, అయినా మద్దెలను మెచ్చుకున్న. ఇది ఎన్కటి అద్దం, అందుకే మనిషి లోపటి కళను బయటికి తీసింది అనుకున్న. అనుకొని ఊకుంటినా, అత్తమ్మకు ఫోటో పంపి, ఫోన్ చేసి అదే మాట చెప్పిన.

అత్తమ్మ ముక్కు చీది, "నా కొడుకు అసలు రంగు గిది బిడ్డ. చిన్నప్పుడు గిట్లనే ఉండె. ఎండల తిరిగి తిరిగి చెడిండు" అన్నది.

బావ ఫోన్ తీసుకున్నడు. "శ్రీనూ, ఇది నేను కాదు" అన్నడు.

"నువ్వు గాకుంటే ఎవరు బావా, నేనే గదా తీసిన."

బావ మళ్లొకసారి చూసుకున్నట్టున్నడు. "చెవులైతే నాయే" అన్నడు.

బావ ఇంకొకటి తీద్దామన్నడు. అత్తమ్మ ససేమిరా వద్దన్నది. ఆ ఫోటో పెండ్లిళ్ల పేరయ్య చేతుల నుంచి మద్దూరు పోయింది. రెండు దినాలకే, వచ్చి పిల్లను చూసుకోమని కబురొచ్చింది. అత్తమ్మ ధూళిమిట్ట వాడంత నా పేరే చెప్పిందట. నూరు అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యాలంటరు. నేను ఒక్క అబద్ధం గూడ ఆడకముందే, నా లెన్సు ఆ నూరు ఒక్కపారి ఆడేసింది.

మద్దూరుకు వ్యాన్ మాట్లాడుకొని పోయినం. అత్తమ్మ, బావ, మా బాపు, నేను, ఇంకో ఇద్దరు ముగ్గురు సుట్టాలు. ఆ ఫోటోలు తీసిన మహానుభావుడు అని నన్ను డ్రైవరు పక్క సీట్ల కూసోబెట్టిన్రు. మెడల కెమెరా ఉండనే ఉన్నది, ఈసారి కొత్త బ్యాటరీ వేసిన. డ్రైవరు యాదగిరన్న మంచి ఎరుపు, నిమ్మపండు రంగు మనిషి, పైగా ఆనాడు తెల్లంగే తొడిగిండు. ఈ సంగతి నాకు అప్పుడు పట్టలే. పట్టి ఉంటే దారిల్నే దిగిపోతుంటి.

దిగినమో లేదో, పిల్ల నాయినమ్మ ఎదురొచ్చింది. ముసలామెకు ఫోటో అప్పటికే నోటికొచ్చినట్టున్నది. మా అందరి ముఖాలు వరుసగ చూసుకుంట వచ్చి, వ్యాన్ తాళం ఏలుకు తగిలిచ్చుకొని నిలబడ్డ యాదగిరన్న దగ్గర ఆగింది. రా బిడ్డ అని చెయ్యి పట్టుకొని తీస్కపోయి, నడుమ కుర్చీల కూసోబెట్టింది. పాపం ఆయన ఈ ఇంటోళ్లు డ్రైవర్లకు మస్తు ఇజ్జత్ ఇస్తరని అనుకున్నడు, మావోళ్లు గూడ గట్లనే అనుకున్నరు. కాళ్లకు నీళ్లిచ్చిన్రు, కడుక్కున్నడు. గారెలు పెట్టిన్రు, తిన్నడు. మల్లేశం బావకు కుర్చీ లేక దర్వాజ పక్కన చెప్పుల కాడ నిలబడ్డడు. నేను కండ్లతోని సైగ చేస్తుంటే, పర్వలేదు అన్నట్టు తల ఊపిండు.

పిల్ల తండ్రి నెమ్మది మనిషి. యాదగిరన్న ఎదురుంగ కూసోని అడుగుడు మొదలువెట్టిండు.

"రోజు ఎంత దూరం పోతవు బిడ్డ, పనికి?"

"చెప్పలేం. కిరాయి దొరికితే హైదరాబాద్ దాక పోత."

"మోటర్లు మంచిగనే నడుస్తున్నయా?"

"ఒక్కటే ఉన్నది. క్లచ్ జర ఇబ్బంది పెడ్తది."

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నా భార్య, ఇద్దరు పిల్లలు" అన్నడు యాదగిరన్న, గారె నములుకుంట.

పిల్ల తండ్రి ముఖంల రక్తం లేదు. మా బాపు లేచి, ఆయన మా డ్రైవరు, పిలగాడు గాడ నిలబడ్డడు అని దర్వాజ దిక్కు చూపించిండు. అందరు బావను చూసిన్రు. పిల్ల తండ్రి జేబుల నుంచి ఫోన్ తీసి ఫోటో చూసిండు. బావను చూసిండు. మళ్ల ఫోన్ చూసిండు. పిల్ల మేనమామ ఒకాయన మూలకు కూసున్నడు, మనుషులనే మార్చి తెచ్చిన్రని అన్నడు. గొంతు పెంచలే, మెల్లగనే అన్నడు, అందుకే ఎక్కువ తగిలింది.

అత్తమ్మ ఎన్నడు అబద్ధమాడని మనిషి. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె చెయ్యి ఎత్తి నా దిక్కు చూపించింది. "ఫోటో తీసింది వీడు" అన్నది.

నేను లేచి నిలబడ్డ. ఎన్కటి అద్దం అని, దుబాయి అని, లోపటి కళ అని ఏదేదో చెప్పిన. ఎవరికి ఎక్కలే. లోపటి కళ అన్నకాడ మేనమామ మీసం తిప్పుకున్నడు. ఇగ నాకు ఒక్కటే దారి కనవడ్డది. మీ ముంగట్నే తీసి చూపిస్త, మా బావకు పౌడర్ రాయలే, ఫోటోకు రంగు వెయ్యలే అన్న. నాయినమ్మను వాకిట్ల ఎండకు నిలబెట్టి, ధూళిమిట్టల చేసినట్టే, అదే వరుసల చేసిన. తూము సగం మూసి కొలుచుడు, పూర తెరిసి ముఖం చూసుడు, నొక్కుడు. కొత్త బ్యాటరీ గదా, స్క్రీన్ ఫుల్లుగ వెలుగుతున్నది. అందరు మూగిన్రు. నాయినమ్మ ముఖం మల్లెపువ్వు లెక్క తెల్లగ వచ్చింది. ముడతలు ఒక్కటి లేవు.

ముసలామె అటు ఇటు తిప్పి చూసుకొని, "సచ్చినంక గిట్ల ఐతనేమో" అన్నది.

మేనమామ ఇంక నమ్మలే. మనిషి ముఖమైతే ఏమన్న చెయ్యొచ్చు, మా బర్రెను తియ్యి చూద్దాం అన్నడు. అందరం కొట్టం కాడికి పోయినం. పెండ్లిచూపులకు పోయి బర్రెకు ఫోటో తీసినోన్ని సిద్దిపేట జిల్లాల నేనొక్కన్నే ఉంట. బర్రె కాటుక నలుపు. కొలిచిన, తెరిసిన, నొక్కిన. స్క్రీన్‌ల బూడిద రంగుల, కడుపుకాడ తెల్లగ, ఏదో జీవం వచ్చింది. కొమ్ములు చూస్తే బర్రె, రంగు చూస్తే ఆవు. పిల్ల తండ్రి చాన సేపు చూసి, పాలు గూడ మారుతయా అని అడిగిండు.

గప్పుడు నా కండ్లు లెన్సు మీద పడ్డయి. రింగు మీది గీత పూర తెరిసిన అంకె మీద ఉన్నది. నేను కొలిచింది సగం తూముతోనని యాదికొచ్చింది. గప్పుడే ఆ గోడ దిక్కు చూసిన, బస్టాండు దూరం లెక్కేసుకున్న. గని మల్లేశం బావ నా పక్కకొచ్చి నిలబడ్డడు. ఏం కోపం లేదు ముఖంల. ఏమైందని అడిగిండు. నేను తూము ముచ్చట అంత చెప్పిన, అందరు వినంగనే. ఒకసారి రింగు మూసి, ముల్లు చూసి, బావను తీసి చూపించిన. బావ బావలెక్కనే వచ్చిండు, తెల్లంగి మీది గుండీలతోని సహ.

అంతల ఇంట్ల నుంచి నవ్వు వినవడ్డది. పిల్ల శిరీష కిటికీల నుంచి అంత చూస్తున్నదట. నవ్వు ఆపుకోలేక బయటికొచ్చింది. తండ్రి వద్దన్నట్టు చూసిండు గని ఆగలే.

"నాయినా, ఈ సంబంధం వద్దని నేను నీకెందుకు చెప్పిన?" అని అడిగింది. ఆమె వద్దన్నా ఆయనే మమ్ముల పిలిచిండట. ఆమె మా దిక్కు తిరిగింది. "ఫోటో చూస్తే ఈయనకు ఒంట్ల రక్తం లేదనుకున్న. మా కాడికి రోజు అసుంటి ముఖాలు వస్తయి. చూపులు అయినంక, ముందుగాల హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోన్రని చెప్దామనుకున్న. ఇప్పుడు చూస్తే మంచిగనే ఉన్నడు."

పెద్దోళ్లు ఏమనాల్నో తెల్వక చాయ్ పెట్టుమన్నరు. ఈసారి బావకు కుర్చీ వేసిన్రు. యాదగిరన్న తను లేచి దుమ్ము దులిపి మరీ వేసిండు. అత్తమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకొని, నా కొడుకు గింతే బిడ్డ, ఎండల కష్టపడేటోడు అన్నది. ఆ మాట ఆమె తలెత్తి అన్నది. ముందుగాల్నే గట్ల అంటే నాకీ బాధ తప్పుతుండె గదా అనుకున్న, గని నోరు తెరువలే. నా నోటి మీద అప్పటికి ఎవరికీ నమ్మకం లేదు.

ఏమన్న అడుగుతరా అని శిరీష బావను అడిగింది.

"మీ ఫోటో నాకు గూడ పంపిన్రు" అన్నడు. "మీరు ఫోటోల ఎట్లున్నరో గట్లనే ఉన్నరు."

ఇంట్ల అందరు నవ్విన్రు, మేనమామ గూడ. ఆమె తల వంచుకున్నది. ఇంక పెద్దలు మాట్లాడుకున్నది ముహూర్తం గురించే.

పెండ్లి మద్దూరుల్నే అయింది. అత్తమ్మ నాకు ముందుగాల్నే హుకుం వేసింది, కెమెరాను సిద్దిపేట పొలిమేర దాటియ్యొద్దని. నేను ఖాళీ చేతులతోని పోయి, వడ్డించుడు కాడ పప్పు గిన్నె పట్టుకున్న. పెండ్లిపిల్ల నన్ను చూసి, శ్రీనన్నా, కెమెరా ఏది అని అడిగింది. లేదు చెల్లె అన్న. మా పెండ్లికి నువ్వే కారణం అన్నది, మనస్ఫూర్తిగనే. నాకు కడుపు నిండింది.

గని ఆమె తండ్రి ఉన్నడు చూసిన్రా, ఆ నెమ్మది మనిషి, ఆయన పప్పు గిన్నె పట్టుకున్న నన్ను పంక్తి పంక్తికి తిప్పి, ఆ ఫోటో తీసింది ఈ పిలగాడే అని అందరికి చెప్పుకుంట పోయిండు. నేను సిగ్గుతోని సచ్చిపోతున్న. చివరి పంక్తిల ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"మా పిలగానికి ముప్పై దాటినయి బిడ్డ. ఒక్క సంబంధం నిలుస్తలేదు. నువ్వొచ్చి వానికొక ఫోటో తియ్యి" అన్నది.

"అవ్వా, అది తప్పుపోయిన ఫోటో" అన్న.

"తెలుసు బిడ్డ. సక్కగ తీసినయి మస్తు పంపినం, ఒక్కలు గూడ ఇల్లు తొక్కలే. నువ్వు తప్పే తియ్యి."

అందుకని ఇయ్యాల మిమ్ములనందరిని సాక్షిగ పెట్టుకొని, స్నానం చేసి, తూర్పు దిక్కు తిరిగి ప్రమాణం చేస్తున్న. ఒక తూముతోని కొలిచి ఇంకో తూముతోని పారిచ్చుడు ఈ జన్మల చెయ్య. మనిషినైనా, బర్రెనైనా ఎట్లున్నదాన్ని గట్లనే తీస్త. ముల్లు చూసినంక రింగు ముట్ట. ఈ ప్రమాణం సోమవారం నుంచి అమలైతది. ఆదివారం ఆ అవ్వ ఇంటికి పోవాలె.